సవరణ: మామూలే

జనవరి 9

పాత రికార్డరు డబ్బాను ఇవాళ విమానంలోంచి దింపేశాం. పద్దెనిమిదేళ్ళ డబ్బా, ఇద్దరం పట్టుకుంటే గానీ లేవలేదు. కొత్తది చెప్పుల డబ్బా అంత ఉంది. పొద్దుటినుంచీ పక్కన రివెట్లు కొడుతూనే ఉన్నారు. ఆ మోతలోనే మావయ్య ఫోను. రిటైరై ఏడాది దాటినా ఆయనకు హ్యాంగరు మీద బెంగ తీరలేదు. "తీశారా దాన్ని?" అని అరిచాడు. తీశామని నేనూ అరిచాను. బీరువా తలుపు గురించి ఏదో అన్నాడు. తాళం సంగతేమో. సరే సరే అని పెట్టేశాను. కొత్తదానికి నూటపాతిక పిన్నులు. వేళ్ళు మండుతున్నాయి.

ఫిబ్రవరి 2

పైలట్‌కు కూత వేసే కొత్త హెచ్చరిక పెట్టెకు తొలి పరీక్ష. పాస్. సవరణ: మామూలే.

ఫిబ్రవరి 19

ఇరవై రెండు ఎగరడాలు, ఇరవై రెండు షీట్లు, అన్నీ పాస్. మా సెక్షన్ పెద్దసారు అందరి ముందూ నా పేరు చెప్పాడు. డిగ్రీ ఉన్నవాళ్ళు ముగ్గురు అక్కడే ఉన్నారు, వాళ్ళ మొహాలు చూడాలి. ఆఖరి షీటు దాకా ఆగకుండానే పన్నెండు విమానాలకు అవే పెట్టెలు బిగించేశారట. అంత తొందర దేనికో మాకు చెప్పరు.

మార్చి 4

ఒళ్ళు మండిపోతోంది. రాసుకుంటే గానీ అన్నం దిగేలా లేదు.

వెనక సీట్లో కూర్చుని ఎగిరే పరిశీలకుడు ఒకాయన ఉన్నాడు. మెత్తగా మాట్లాడే మనిషి. ఇవాళ దిగగానే మీటింగులో పెద్దసారు పక్కన కూర్చుని, "కూత లేటుగా వస్తోందండి" అన్నాడు.

"ఎంత లేటు?" అన్నాను.

"ఒకటి, రెండు అని మనసులో అనుకునేంత."

"షీటులో పాయింట్ ఏడు ఉంది."

"షీటు సంగతి నాకు తెలీదమ్మా. నా చెవి సంగతి చెప్తున్నా."

"మీ చెవికి కాలిబ్రేషన్ సర్టిఫికెట్టు ఉందా సార్?"

గదంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. అదే నాకు ఇంకా మండింది. సాయంత్రానికల్లా ఆయనకు చెవులాయన అని పేరు స్థిరపడిపోయింది.

అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ చెప్తున్నాను. ఎదురుగుట్ట మీద మా రాడార్ బండి ఉంటుంది. అది శత్రువు వేషం వేస్తుంది. దాని కిరణం విమానానికి తగిలిన క్షణాన్ని బండి రాసుకుంటుంది. విమానంలోని హెచ్చరిక పెట్టె ఆ కిరణాన్ని పసిగట్టి పైలట్ చెవిలో కూత వెయ్యాలి. ఆ కూత వినపడిన క్షణాన్ని మా రికార్డరు రాసుకుంటుంది. రెండింటికీ మధ్య ఒక్క సెకను దాటకూడదు. దాటితే విమానాన్ని పక్కకు తిప్పుకునే వ్యవధి ఉండదు. ఇంతే పరీక్ష. ఇవాళ వచ్చింది ఒకటి పాయింట్ ఆరు. అందులోంచి రికార్డరు సొంత ఆలస్యం పాయింట్ తొమ్మిది తీసేస్తే పాయింట్ ఏడు. మూడో క్లాసు లెక్క.

ఆ పాయింట్ తొమ్మిది నేను పుట్టించింది కాదు. హ్యాంగరులో మా బీరువా తలుపు లోపలివైపు అట్టముక్క మీద మావయ్య పెన్సిల్‌తో రాసి అంటించాడు: "ప్రతి కూతలోనూ 0.9 తీసెయ్యాలి." కింద ఆయన పొడి అక్షరాలు. షీటులో సవరణ అనే గడిలో ఆయన రిటైరయ్యేదాకా "మామూలే" అని రాశాడు. నేనూ అదే రాస్తున్నాను. ఈ పని నాకు కాలేజీ నేర్పలేదు, మావయ్య నేర్పాడు. నారింజ రంగు వైరు చేతికిచ్చి, "విమానంలో ఈ రంగువి మాత్రమే మనవి. మనం చుట్టాలం. వచ్చి చూసి, రాసుకుని, ఇల్లు పాడు చెయ్యకుండా వెళ్ళిపోవాలి" అన్నాడు. ఆయన అంకెను చెవితో కొట్టేస్తానంటే ఊరుకుంటానా.

మార్చి 5

ఊరుకోను.

మార్చి 6

చెవులాయన నా బల్ల దగ్గరికి వచ్చాడు. నేను తల ఎత్తలేదు. సోల్డరింగు చేస్తున్నట్టు చేశాను, చల్లారిన కడ్డీతో.

"ఇంకొక్కసారి చూడమ్మా" అన్నాడు.

"ఎన్నిసార్లు చూసినా అంకె అంకే సార్."

"నిన్ను తప్పు పట్టడానికి రాలేదు. ఇరవయ్యో తారీకున ఆ పన్నెండు విమానాలూ ఇక్కణ్ణుంచి వెళ్తున్నాయి. వాటితో నేనూ వెళ్తున్నాను. అందుకని అడుగుతున్నా."

"భయమైతే సెలవు పెట్టండి."

అనేశాను. అనేశాక కడ్డీ చల్లగా ఉందని ఆయన చూశాడని కూడా తెలిసింది. వెళ్ళిపోయాడు.

రేపు ఆయన నోరు ఎప్పటికీ లేవకుండా చేస్తాను. రికార్డరు ఆలస్యం పాయింట్ తొమ్మిదేనని అందరి ముందూ రుజువు చేసి ఆ కాగితం ఆయన చేతిలో పెడతాను.

మార్చి 7

ఇంటి గుమ్మానికి పెట్టే కాలింగ్ బెల్లు స్విచ్ ఒకటి తీసుకెళ్ళాను. దాన్నుంచి ఒక వైరు మా రికార్డరుకు, ఇంకోటి రాడార్ బండి రికార్డరుకు. బండిని హ్యాంగరు గుమ్మం దాకా తెప్పించాను. ఒకే స్విచ్, ఒకే నొక్కు. బండి రాసిన టైముకూ మా డబ్బా రాసిన టైముకూ మధ్య పాయింట్ తొమ్మిది రావాలి.

నొక్కాను. సున్నా.

వైరు వదులైందనుకున్నాను. మళ్ళీ బిగించి నొక్కాను. సున్నా. స్విచ్ మార్చాను. సున్నా. డబ్బా ఆపి, మళ్ళీ పెట్టి నొక్కాను. సున్నా. నలభై ఒక్కసార్లు నొక్కాను. బండి డ్రైవరు, "ఏంటమ్మా, ఇంట్లో ఎవరూ లేరా?" అన్నాడు.

అదే రోజు

స్టవ్ మీద గిన్నె పెట్టాను. నీళ్ళు పొయ్యలేదు. మాడిన వాసన వచ్చేదాకా దాని ముందే నిలబడి ఉన్నాను.

అదే రోజు

కొత్త డబ్బాకు ఆలస్యం లేదు. అది ఉపగ్రహం దగ్గర టైము తీసుకుంటుంది. బండీ అక్కడే తీసుకుంటుంది. ఆ పాయింట్ తొమ్మిది పాత డబ్బాది. అంటే ఒకటి పాయింట్ ఆరు అంటే ఒకటి పాయింట్ ఆరే. ఫిబ్రవరి రెండు నుంచీ ఇరవై మూడు షీట్లలోనూ నేను తీసేసింది రికార్డరు ఆలస్యం కాదు, పైలట్ చేతిలో లేని సెకను.

ఇరవై మూడు. ఇవాల్టిదాకా లేని తప్పు ఇవాళ ఒక్కసారిగా ఇరవై మూడైంది. కాదు, మొదటి రోజు నుంచీ ఉంది.

మావయ్య చెప్పలేదు. చెప్పుంటే నాకు గుర్తుండేది.

మార్చి 8

పొద్దున్నే పెద్దసారు గదికి వెళ్ళాను. ముందు ఆయన నవ్వాడు. "కాలింగ్ బెల్లుతోనా?" అన్నాడు. నేను నవ్వలేదు. అప్పుడు లేచి తలుపు వేశాడు.

"ఎవరికైనా చెప్పావా?"

"మీకు చెప్తున్నాను."

షీట్లు బల్ల మీద పరిచాడు. వేలితో సవరణ గడి మీదుగా కిందికి వచ్చాడు. మామూలే, మామూలే, మామూలే.

"మామూలే అంటే ఎంత?" అని అడిగాడు.

"పాయింట్ తొమ్మిది."

"ఎవరు చెప్పారు?"

"తలుపు."

ఆయన కూర్చుండిపోయాడు. ప్రతి షీటు కిందా ఆయన సంతకం ఉంది. "పదకొండేళ్ళుగా సంతకాలు పెడుతున్నాను. ఎంత అని ఏనాడూ అడగలేదు" అన్నాడు. అది నాతో అన్నట్టు లేదు. తర్వాత ఫోను తీశాడు. మొదటిసారి నంబరు తప్పు కొట్టాడు.

మధ్యాహ్నం పైవాళ్ళు ముగ్గురు వచ్చారు. వాళ్ళలో పెద్దాయన నన్ను స్విచ్ ముట్టుకోనివ్వలేదు. తనే నొక్కాడు. పదిసార్లు సున్నా. అప్పటికప్పుడు పన్నెండు విమానాలనూ నేల మీదే ఉంచమని చెప్పారు.

చెవులాయన హ్యాంగరు బయట మెట్ల మీద టీ తాగుతున్నాడు. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. క్షమించమని అడగడానికే వెళ్ళాను. నోట్లోంచి, "ఒకటి పాయింట్ ఆరు" అని మాత్రం వచ్చింది.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. లేటని మొదట అన్నవాడే, నిజంగా లేటని తెలిశాక మొహంలో నెత్తురు లేదు.

"నా చెవిదే తప్పయి ఉంటే బాగుండేదమ్మా" అన్నాడు. కాసేపటికి, "ఇప్పుడిప్పిస్తావా మరి, సర్టిఫికెట్టు?" అన్నాడు.

నేను బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి నిలబడ్డాను.

మార్చి 9

చెప్పాలి కదా. డబ్బా మారితే కాగితం చించెయ్యమని ఒక్క మాట చెప్పాలి కదా. అన్నీ చెప్తాడు. చలిలో తలకు గుడ్డ కట్టుకోమని చెప్తాడు, బస్సులో ముందువైపు కూర్చోమని చెప్తాడు. ఈ ఒక్కటి చెప్పలేదు.

మార్చి 11

మావయ్యను విచారణకు పిలిచారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు, జేబులో పాత గేటు పాసు. ఆ పాసు మీదే ఆయన గురువారాలు వచ్చి కొత్తవాళ్ళకు సోల్డరింగు నేర్పుతాడు. వారంలో మిగతా ఆరు రోజులూ ఆ గురువారం కోసమే ఉంటాడు.

నలభై ఏళ్ళు ఇంజన్ల పక్కన నిలబడిన చెవులు. చెవి మిషన్ పెట్టుకున్నా ఆయన్ను ప్రతిదీ రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

"ఆ అట్ట మీది అంకె పాత రికార్డరుకు మాత్రమేనని మీకు తెలుసా?"

"తెలుసండి. కొలిచింది నేనేగా."

"మార్చినప్పుడు తీసెయ్యాలని ఈ అమ్మాయికి చెప్పారా?"

ఆయన నా వైపు చూడలేదు. బల్ల అంచు మీద గోటితో గీస్తూ, "లేదండి. మర్చిపోయాను. పెద్దవాణ్ణి కదా" అన్నాడు.

నన్ను అడిగారు. "నాకు ఎవరూ చెప్పలేదు" అన్నాను. నిజమే చెప్పాను.

తప్పు రిటైరైన టెక్నీషియన్‌దని రాసుకున్నారు. గేటు దగ్గర ఆయన పాసు తీసేసుకున్నారు. గార్డు కుర్రప్పటినుంచీ ఆయన్ను ఎరిగినవాడు, "పైవాళ్ళు చెప్పారు బాబాయ్" అని నేల చూపులు చూశాడు. మావయ్య పాసు మీది ఫొటోను బొటనవేలితో తుడిచి మరీ ఇచ్చాడు.

బస్సులో అడిగాను. "ఎందుకు చెప్పలేదు మావయ్యా?"

చెవి మిషన్ తీసి జేబులో పెట్టుకుని కిటికీ వైపు తిరిగాడు.

మార్చి 12

నాకు గుర్తుండేది. చెప్పుంటే.

మార్చి 13

పాత డబ్బా ఏ తారీకున దింపారో రాసివ్వమని కాగితం పంపారు. హ్యాంగరు పుస్తకంలో ఆ వారం పేజీ మీద నూనె ఒలికి చెరిగిపోయింది. నా డైరీలో ఉంటుంది కదా అని వెనక్కి తిప్పాను.

జనవరి 9.

చదివాను.

మార్చి 13, మళ్ళీ

"బీరువా తలుపు గురించి ఏదో అన్నాడు. తాళం సంగతేమో. సరే సరే అని పెట్టేశాను."

ఎనిమిదిసార్లు చదివాను. ప్రతిసారీ ఇంకో మాట ఉంటుందేమోనని చూశాను. లేదు. బీరువాకు అసలు తాళమే లేదు. ఎప్పుడూ లేదు. నాకు తెలుసు. అయినా తాళం సంగతేమో అని రాసుకున్నాను.

ఆయన చెప్పాడు. చెప్పి కూడా లేదన్నాడు. నేను వినకుండా, ఎవరూ చెప్పలేదన్నాను.

చెవులాయన చెవికి సర్టిఫికెట్టు అడిగింది నేనే.

మార్చి 14

మావయ్య ఇంటికి వెళ్ళాను. కిటికీ దగ్గర కూర్చుని పాత రేడియో విప్పి పెట్టుకున్నాడు. ఎక్కడా పాడవ్వని రేడియో అది. చేతులకు పని లేక విప్పాడు. డైరీ తెరిచి మోకాళ్ళ మీద పెట్టాను. కళ్ళజోడు వెతుక్కుని చదివాడు. చదివి, "వేళ్ళకు వెన్న రాయాల్సింది" అన్నాడు.

"అబద్ధం ఎందుకు చెప్పావు?"

"అరవకు. మిషన్ పెట్టుకునే ఉన్నా."

"ఎందుకు చెప్పావు?"

"నా దగ్గర తీసుకోడానికి వాళ్ళకు ఏముందే? ఓ పాసు. నీ దగ్గరైతే ఉద్యోగం ఉంది. డిగ్రీ లేని పిల్లవి. ఒకసారి బయటికి పంపితే ఇంకో హ్యాంగరు గేటు కూడా తెరవరు."

"ఆ పాసు లేకపోతే నువ్వు ఇలా బాగున్న రేడియోలు విప్పుకుంటూ కూర్చుంటావు."

"బాగా పలికేలా బిగిస్తాలే."

"మావయ్యా, ఆ రోజు నేను వినలేదు. వినకుండా సరే అన్నాను."

ఆయన స్క్రూ ఒకటి వేళ్ళ మధ్య తిప్పాడు. "ఆ మోత ఫోనులో నాకూ తెలుస్తూనే ఉంది" అన్నాడు. "మళ్ళీ చేద్దామనుకున్నా. నువ్వు సరే అన్నావు కదా అని ఊరుకున్నా. వినకుండా సరే అంటారని నాకు తోచకపోవడమేంటే? చెవులు పోయాక పదేళ్ళబట్టి నేను అందరితోనూ అంటున్నది అదేగా."

లేవబోతుంటే డైరీ మీద చెయ్యి వేశాడు.

"ఇది వాళ్ళకు చూపించకు."

నేను సరే అనలేదు.

మార్చి 16

జనవరి 9 పేజీ చింపి ఇచ్చాను. పైవాళ్ళలో పెద్దాయన దాన్ని పైకి చదివాడు, రాసుకునే మనిషి కోసం. నా మాటలు ఇంకొకరి నోట్లోంచి ఆ గదిలో వినపడ్డాయి. వేళ్ళు మండుతున్నాయి అనేది కూడా చదివాడు. చెవులాయన అక్కడే ఉన్నాడు, ఆయన తల దించుకున్నాడు. పెద్దసారు కిటికీలోంచి చూస్తున్నాడు.

"ఇది మీ అంతట మీరే తెచ్చారా?" అన్నాడు పెద్దాయన.

"అవును సార్."

"తేకపోతే మాకు తెలిసేది కాదు."

"నాకు తెలిసిపోయింది కదా సార్."

ఒరిజినల్ వాళ్ళు ఉంచుకున్నారు. జిరాక్స్ ఇచ్చారు. మొదట్లో ఉన్న ఆ పేజీ అదే, జిగురుతో అంటించాను. కాస్త వంకరగా వచ్చింది.

మార్చి 18

ఆరు నెలలు విమానాల దగ్గరికి వెళ్ళకూడదు. స్టోరులో ఉండాలి. పెద్దసారుకు ఎక్కడికో బదిలీ. మావయ్య పాసు తిరిగి ఇచ్చారు. అది ఆయనకు చేర్చింది గార్డు. నేను ఫోను చేస్తే ఎత్తలేదు. "నన్ను అందరి ముందూ అబద్ధాలకోరును చేసింది" అన్నాడని అమ్మ చెప్పింది. నిజమే, చేశాను.

మార్చి 20

ఇవాళ పన్నెండు విమానాలు వెళ్ళాల్సిన రోజు. స్టోరు కిటికీలోంచి వాటి తోకలు కనిపిస్తున్నాయి, వరసగా, కదలకుండా. హెచ్చరిక పెట్టెలన్నీ విప్పి తయారీ వాళ్ళకు వెనక్కి పంపుతున్నారు. పెట్టెలు స్టోరు మీదుగానే వెళ్ళాలి. పన్నెండింటికీ చీటీలు నేనే కట్టాను. ఒక్కో చీటీ మీదా కారణం రాయాలి. "కూత 1.6 సెకన్లు" అని రాశాను. మామూలే అని ఎక్కడా రాయలేదు.

చెవులాయన వచ్చి చీటీ ఒకటి చదివాడు. "రాత బాగుంటుంది నీది" అన్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం పక్కన గోడను వేలితో రెండుసార్లు నొక్కాడు, కాలింగ్ బెల్లు నొక్కినట్టు.

మార్చి 23

సవరణ గడి మార్చారు. ఇప్పుడందులో మాటలు రాయకూడదు. అంకె, అది కొలిచిన తారీకు, కొలిచినవాళ్ళ సంతకం. తలుపు మీది అట్టముక్కను ఒక కవరులో పెట్టి సీలు వేసి తీసుకుపోయారు. అంటించిన చోట తలుపు రంగు ఇంకా కొత్తగానే ఉందట.

మావయ్య మాట్లాడి తొమ్మిది రోజులు.

మార్చి 27

స్టోరులో ర్యాకులు జరుపుతున్నాం. ఇనుప చప్పుడుకు చెవులు చిల్లులు పడుతున్నాయి. ఫోను మోగింది. మావయ్య.

ఏదో అన్నాడు. వినపడలేదు. సరే అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఉండు మావయ్యా" అన్నాను. బయటికి నడిచాను. స్టోరు దాటి, గేటు దాటి, గోడ అవతల చప్పుడు లేని చోటుదాకా వెళ్ళాను. ఆయన అంతసేపూ లైనులోనే ఉన్నాడు, ఊపిరి వినపడుతోంది. "ఇప్పుడు చెప్పు."

"ఏం లేదే. ఆదివారం వచ్చేటప్పుడు చెవి మిషన్‌కు బ్యాటరీలు పట్టుకురా. పదమూడో నంబరు. నారింజ రంగు స్టిక్కరుంటుంది."

"మళ్ళీ చెప్పు."

"వినపడలేదా?"

"వినపడింది. మళ్ళీ చెప్పు."

"పదమూడో నంబరు. నారింజ రంగు."

"పదమూడు, నారింజ రంగు, ఆదివారం" అని తిరిగి చెప్పాను.

"ఆఁ" అన్నాడు.

అప్పుడు పెట్టేశాను.